వరస ఎత్తు

మధ్యాహ్నం మూడింటికి ప్రింటు తీస్తే
మూడొందల పన్నెండు పేర్లకి
వత్తులు తెగిపోయాయి.

గట్టు, గటు అయింది.
నష్టం, నషం.
పెనుమాల సువార్తమ్మ
సువారమ అయిపోయింది.
ఇంగ్లీషు అక్షరం కొలతకి కట్టిన గడి,
మన అక్షరం నేల కింద కూడా
కాపురం ఉంటుందని దానికెవరు చెప్పారు?

నాకు ముందు ఈ కుర్చీలో లోవరాజు.
మనిషి మంచోడే, అందం పిచ్చి.
రిమార్కుల దగ్గర మూడేసి గడులు కలిపి ఒక్కటి చేశాడు,
వరసలన్నీ పట్టుకుని చేత్తో లాగి
పదిహేను దగ్గర బిగించాడు,
నారుమడి తాడు పట్టి కొట్టినట్టు.
కలిపిన గడికి తన ఎత్తు తనకి తెలీదు.
అంకెల మధ్య గీత మీద టకటకా రెండుసార్లు నొక్కాను,
ఆటోఫిట్ అన్నాను,
బెల్లం కొట్టిన రాయి.

ఆ సాయంత్రమే సువార్తమ్మ వచ్చింది
లంక నుంచి పంటు దాటి,
జాకెట్లో పాలిథిన్ కవరు,
కవర్లో నాలుగు మడతల కాయితం.
తిరస్కరించిన వాళ్ళ జాబితాలో ఆవిడ.
పైఆఫీసు వాళ్ళ ఎర్రసిరా కింద
గడిలో కనపడ్డది ఒక్క ముక్క:
"కౌలు కార్డు లేదు."

గడి మీద నొక్కితే
పైన సన్నటి పట్టీలో మిగతాది బయటికొచ్చింది:
"కానీ భూయజమాని రాసిచ్చిన ఒప్పుకోలు జత చేయడమైనది.
ఎకరం ముప్పై సెంట్ల కర్పూర అరటి
గెల మీద ఉండగా ఒరిగిపోయినది.
అరెకరంలో రెండడుగుల ఇసుక మేట."

"కానీ" దగ్గర్నుంచి అంతా లోపలే ఉంది.
రాసింది నేనే, ఆగస్టులో,
గట్టు మీద టార్పాలిన్ కింద, ఒళ్ళో రిజిస్టరు పెట్టుకుని.

"నాది రాశారాండీ?"
"రాశామమ్మా."
"మరి లేదంటన్నారు?"
"ఉంది. కనపట్లేదు."
ఆవిడ తెర వైపు కాసేపు చూసి
"ఆయ్, ఇసక కింద నా మడీ అంతేనండి" అంది.
కోపంగా అనలేదు. అదే నాకు కష్టమైంది.

ఆఖరి పంటు ఆరున్నరకి. ఆవిడ వెళ్ళింది.
నేను ఉండిపోయాను.

కరెంటు పోతే యూపీఎస్ కుయ్‌కుయ్ మంటుంది,
ఈలోపు సేవ్, మళ్ళీ సేవ్.
విడదీస్తే ఫారం పాడవుద్దని సూపరింటెండెంటు గారి ఆంక్ష.
అందుకని కలిపిన గడుల జోలికి పోకుండా
కుడివైపు దూరంగా, ప్రింటులో పడని చోట
ఒక్క నిలువు గడి తీసుకుని
మూడింటి వెడల్పూ దానికే ఇచ్చాను.
అదే మాట అందులోనూ పోశాను,
ర్యాప్ పెట్టాను, అక్షరాలకి తెల్లరంగు పూశాను.
ఇప్పుడు నొక్కితే
ఆ ఒంటరి గడి తన ఎత్తు తాను కొలుచుకుంది,
దాంతోపాటు వరస మొత్తం లేచింది.
"కానీ" లేచింది.
ఒప్పుకోలు లేచింది.
అరటి లేచిందని రాయబోయాను, తప్పు,
అరటి పడిపోయిన సంగతి లేచింది.

తెర మీద బాగున్నది కాయితం మీద బాగుండదు.
ప్రింటరుకి తన లెక్క తనది,
ఆఖరి పంక్తి సగానికి కోస్తుంది.
అందుకని రాత్రి తొమ్మిదింటికి
లోవరాజుని తిట్టిన పనే నేనూ చేశాను.
మూడొందల పన్నెండు వరసలూ ఒక్కొక్కటే
చేత్తో పట్టుకుని
నాలుగు పాయింట్లు కిందకి లాగాను,
వత్తుల కోసం.
రేపెవరైనా ఇంకో వాక్యం చేరిస్తే
ఇవి వాటంతటవి పెరగవు. తెలుసు.

పన్నెండు కాయితాల జాబితా
నలభై ఒకటి అయింది.
పొద్దున్నే సూపరింటెండెంటు గారు బొత్తి చేత్తో తూచి
"ఏవమ్మా నూకరత్నం, ఇంత కాయితమా?" అన్నారు.

అంతేనండి, అన్నాను.
వాళ్ళు చెప్పింది అంత.

అమలాపురం బస్సుకి కట్ట కట్టేముందు
రెండొందల నాలుగో వరస ఇంకోసారి చూసుకున్నాను.
ర కింద త ఉంది.
మ కింద మ ఉంది.